సర్వర్ బూట్, కెర్నల్ హార్డెనింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

లైనక్స్ సర్వర్లు చూసుకునే కుర్రాళ్ళు నన్ను తిప్పి తిప్పి అడిగే ప్రశ్నలివి. బూట్ అంటే సర్వర్ ఆన్ అయి లేవడం, కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌నీ ప్రోగ్రాముల్నీ నడిపే లైనక్స్ గుండెకాయ, హార్డెనింగ్ అంటే దొంగకి సందు దొరక్కుండా బిగించడం. ఎక్కువగా డెబియన్, ఉబుంటు అనే డిస్ట్రోల (లైనక్స్ రకాల) సంగతులు, అక్కడక్కడా రెడ్‌హ్యాట్ కుటుంబం. కమాండ్లు, సెట్టింగుల పేర్లు కూడా తెలుగులోనే రాశాను. అర్ధరాత్రి డేటా సెంటర్లో ఉన్నవాడికి ఫోన్‌లో చదివి వినిపిస్తామే, అలా అనుకోండి. "డాట్" అన్నచోట చుక్క పెట్టండి. సెట్టింగు పేరులో, ఫైలు పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉంటే అక్కడ అండర్‌స్కోర్, కమాండు పేరులో అయితే డ్యాష్.

ఫైర్‌వాల్ ఉంది, లాగిన్ ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్లోకి వెళ్ళే దారి) కీలతోనే. ఇంకా బూట్ గురించి టెన్షన్ దేనికి?

ఒక్కసారి చేసి చూడండి, టెన్షన్ దానంతట అదే వస్తుంది. పాత టెస్ట్ సర్వర్ ఒకటి తీసుకుని దాని కన్సోల్ ముందు కూర్చోండి. రీబూట్ కొట్టి, గ్రబ్ (కెర్నల్‌ని లోడ్ చేసే ప్రోగ్రాము) మెనూ కనపడగానే కీబోర్డు మీద "ఈ" నొక్కండి. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే పొడవాటి లైను ఒకటి ఉంటుంది. దాని చివర "ఇనిట్ ఈక్వల్స్ స్లాష్ బిన్ స్లాష్ బ్యాష్" అని చేర్చి కంట్రోల్ ఎక్స్ కొట్టండి. నాలుగు లైన్లు గబగబా పైకి పోయి, హ్యాష్ గుర్తుతో రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) ప్రాంప్ట్ వచ్చి కూర్చుంటుంది. పాస్‌వర్డ్ అడిగిన పాపాన ఎవరూ పోలేదు. రూట్ పార్టిషన్‌ని రాయడానికి వీలుగా రీమౌంట్ చేసి, పాస్‌వర్డ్ మార్చేసి, మళ్ళీ రీబూట్ చేస్తే సర్వర్ మీది. అంతా కలిపి రెండు నిమిషాల పని.

మీ ఫైర్‌వాల్, ఎస్‌ఎస్‌హెచ్, ఆడిట్ లాగులు, అన్నీ ఆ లైను తర్వాత నిద్ర లేచేవే. ఇంకా లేవని కాపలావాడు దొంగని ఎలా పట్టుకుంటాడు? లేచే వరస ఇది: ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) షిమ్ అనే చిన్న ప్రోగ్రాముని పిలుస్తుంది, షిమ్ గ్రబ్‌ని, గ్రబ్ కెర్నల్‌నీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నీ (కెర్నల్ మొదట వాడుకునే చిన్న ఫైళ్ళ మూట), ఆ తర్వాతే సిస్టమ్‌డీ (సర్వీసులన్నిటినీ లేపేది). ముందున్నవాడు చెడితే వెనకవాళ్ళు ఎంత గట్టివాళ్ళయినా లాభం లేదు.

మా ర్యాక్‌కి తాళం ఉంది. ఎవరు వచ్చి కన్సోల్ ముందు కూర్చుంటారు?

ఎవరూ రానక్కర్లేదు. సర్వర్లో ఐలో, ఐడ్రాక్ లాంటి మేనేజ్‌మెంట్ పోర్టు ఉంటుంది. కన్సోల్, పవర్ బటన్, సీడీ పెట్టినట్టు ఐఎస్‌ఓ (సీడీ నకలు ఫైలు) తగిలించే వర్చువల్ మీడియా, మూడూ అందులోనే. దాని పాస్‌వర్డ్ కొన్నప్పటిదే ఉంటే, ఆ పోర్టు ఆఫీసు మామూలు నెట్‌వర్క్‌లోనే ఉంటే, ర్యాక్ తాళం అలంకారం. ముందు దాన్ని వేరే వీల్యాన్‌లో (విడిగా ఉంచిన నెట్‌వర్క్‌లో) పెట్టండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి, పాస్‌వర్డ్ మార్చండి. గ్రబ్ సంగతి ఆ తర్వాత.

మాది క్లౌడ్. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

కొన్ని వర్తిస్తాయి, కొన్ని వృథా ప్రయాస. క్లౌడ్‌లో దొంగ గ్రబ్ మెనూ దాకా రాడు. మీ ఖాతాలోకి వచ్చి, డిస్క్‌ని ఒక మెషీన్ నుంచి విప్పి ఇంకో మెషీన్‌కి తగిలించి తీరిగ్గా చదువుకుంటాడు. హైదరాబాద్ రీజియన్ అయినా ముంబై రీజియన్ అయినా అంతే. కాబట్టి అక్కడ బూట్ హార్డెనింగ్ అంటే సగం వరకు డిస్క్ స్నాప్‌షాట్లు, సీరియల్ కన్సోల్ మీద ఎవరికి హక్కులున్నాయో చూసుకోవడమే. సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న ప్రోగ్రాములనే లేవనిచ్చేది), వర్చువల్ టీపీఎం (టీపీఎం అంటే కీలు దాచే చిప్) మాత్రం అమెజాన్, అజూర్, గూగుల్ మూడింటిలోనూ దొరుకుతాయి. మెషీన్ తయారుచేసేటప్పుడే ఎంచుకుంటే మంచిది, తర్వాత తగిలించడం తలనొప్పి. సిస్‌సీటీఎల్ సెట్టింగులు (నడుస్తున్న కెర్నల్ ప్రవర్తనని మార్చేవి) మాత్రం క్లౌడ్‌లోనూ మామూలుగానే పనిచేస్తాయి.

గ్రబ్‌కి పాస్‌వర్డ్ పెట్టడం ఎలా? పెట్టాక రీబూట్‌లో ఇబ్బంది రాదా?

వస్తుంది. నాకొచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రెడ్‌హ్యాట్ కుటుంబంలో పని సులువు. "గ్రబ్2 సెట్‌పాస్‌వర్డ్" అని కొడితే చాలు. మెనూలో మార్పులు చేయాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, మామూలుగా లేవడానికి అడగదు. డెబియన్, ఉబుంటుల్లో మన చేత్తో చేయాలి. "గ్రబ్ ఎంకేపాస్‌డబ్ల్యూడీ పీబీకేడీఎఫ్2" కమాండ్‌తో హ్యాష్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి చదవలేనట్టు మార్చిన రూపం) తయారుచేసి, దాన్నీ సూపర్‌యూజర్ పేరునీ ఈటీసీ కింద గ్రబ్ డాట్ డీ ఫోల్డర్‌లోని "40 కస్టమ్" ఫైల్లో రాసి, "అప్‌డేట్ గ్రబ్" కొట్టాలి.

తిరకాసు ఇక్కడే. సూపర్‌యూజర్‌ని పెట్టిన క్షణం నుంచి మెనూలోని ప్రతి ఎంట్రీకీ పాస్‌వర్డ్ కావాలి, ఏమీ ముట్టుకోకుండా లేవాలన్నా సరే. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న ఆఫీసులో నేను ఈ పని చేశాను. రీబూట్ చేసి, "ఈ" నొక్కి చూశాను. పేరు అడిగింది, పాస్‌వర్డ్ అడిగింది, కొట్టాను, లేచింది. భేష్ అనుకుని ఇంటికొచ్చేశాను. "ఈ" నొక్కకుండా వదిలేస్తే ఏమవుతుందో మాత్రం చూడలేదు. పది రోజుల తర్వాత, శనివారం రాత్రి, ఆటోమేటిక్ అప్‌డేట్ కొత్త కెర్నల్ వేసి రీబూట్ చేసింది. సర్వర్ తెల్లారేదాకా "ఎంటర్ యూజర్‌నేమ్" అంటూ నల్ల తెర మీద నిలబడే ఉంది. సోమవారం అకౌంట్స్ వాళ్ళు వచ్చేలోపు దాన్ని లేపడానికి ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కాల్సొచ్చింది.

దీనికి మందు: అదే ఫోల్డర్‌లో "10 లైనక్స్" అనే ఫైలు ఉంటుంది. అందులో క్లాస్ అనే లైనుకి రెండు డ్యాష్‌లతో "అన్‌రిస్ట్రిక్టెడ్" అని చేర్చాలి. అప్పుడు మామూలుగా లేవడానికి ఎవరినీ అడగదు, మార్చబోతేనే అడుగుతుంది. ఇది కూడా గుర్తుంచుకోండి: గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు ఆ ఫైలు పాతది ఉంచనా, కొత్తది వేయనా అని అడగొచ్చు. ఎవరో కొత్తది వేయమంటే మీ మార్పు గోవిందా. పాస్‌వర్డ్ పెట్టిన రోజే రెండు రీబూట్లు చేయండి, ఒకటి "ఈ" నొక్కి, ఒకటి చేతులు కట్టుకుని.

ఉబుంటులో రూట్ ఖాతా లాక్ అయి ఉంటుంది కాబట్టి రికవరీ మోడ్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ లేకుండానే రూట్ షెల్ ఇచ్చేస్తుంది. ఆ ఎంట్రీ పాస్‌వర్డ్ వెనకే ఉందో లేదో చూసుకోండి. డెబియన్‌లో దీనికి తిరగబడిన సమస్య: రూట్ ఖాతా లాక్ అయి ఉంటే రెస్క్యూ మోడ్ కన్సోల్ ఇవ్వనని మొండికేస్తుంది, నిజంగా అవసరమైన రోజున మీరే బయట నిలబడతారు.

ఇంతా చేస్తే ఆ పాస్‌వర్డ్ గట్టిదేనా?

2015 డిసెంబర్ దాకా గట్టిదనే అందరూ అనుకున్నారు. అప్పుడు స్పెయిన్‌లోని వలెన్సియా పాలిటెక్నిక్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు, గ్రబ్ యూజర్‌నేమ్ అడిగే చోట బ్యాక్‌స్పేస్ 28 సార్లు నొక్కితే రెస్క్యూ షెల్ వచ్చేస్తుందని చూపించారు. టైప్ చేసిన అక్షరాల లెక్క సున్నా కంటే కిందికి పోతోంది, దాన్ని ఆపే ఒక్క షరతు రాయడం ఎవరో మరిచారు. 1.98 నుంచి 2.02 దాకా వెర్షన్లన్నిటిలో, అంటే 2009 నుంచి, అది అలాగే ఉంది. మరుసటి ఏడాది నవంబర్‌లో వాళ్ళే ఇంకోటి పట్టుకున్నారు: ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ పాస్‌వర్డ్ అడిగే చోట ఎంటర్ కీని ఓ 70 సెకన్లు నొక్కి పట్టుకుంటే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపల రూట్ షెల్ దొరికేది. డేటా ఎన్‌క్రిప్టెడ్‌గానే ఉండేదిగానీ, బూట్ పార్టిషన్ మాత్రం దొంగ చేతిలో ఉన్నట్టే.

రెండిటినీ ఎప్పుడో సరిచేశారు. గ్రబ్ పాస్‌వర్డ్ అనేది గది తలుపు గడియ లాంటిది, బీరువా తాళం కాదు. డిస్క్ ఊడదీసి పట్టుకుపోయేవాణ్ణి అది ఆపలేదు.

సెక్యూర్ బూట్ సర్వర్లకి అవసరమా? అది విండోస్ గోల కదా?

పేరు అలా పడిపోయింది. జరిగేదేమిటంటే, ఫర్మ్‌వేర్ తన దగ్గరున్న కీలతో సంతకం సరిపోయిన ప్రోగ్రామునే నడవనిస్తుంది. లైనక్స్ డిస్ట్రోలు షిమ్ అనే చిన్న ప్రోగ్రాముకి మైక్రోసాఫ్ట్ సంతకం తెచ్చుకుంటాయి, ఆ తర్వాతి గ్రబ్, కెర్నల్ సంతకాలని డిస్ట్రో సొంత కీతో షిమ్ చూసుకుంటుంది.

ఉపయోగం ఉందా అంటే ఉంది. 2024 నవంబర్‌లో ఈసెట్ అనే భద్రతా సంస్థ బూట్‌కిట్టీ అనే దాన్ని బయటపెట్టింది. లైనక్స్‌ని గురిపెట్టిన మొదటి యూఈఎఫ్‌ఐ (ఇప్పటి సర్వర్ల ఫర్మ్‌వేర్) బూట్‌కిట్, అంటే బూట్‌లోనే దూరే దొంగ ప్రోగ్రాము, అది. తర్వాత తేలిందేమిటంటే, కొరియాలో సైబర్ సెక్యూరిటీ శిక్షణ తీసుకుంటున్న విద్యార్థులు నమూనాగా చేసిన పని. దాని సంతకం సొంతంగా వేసుకున్నది కాబట్టి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండి ఆ సర్టిఫికెట్‌ని ఎవరూ ఎక్కించకపోతే అది నడవదు. అంటే ఈ ఒక్క స్విచ్ దాన్ని గుమ్మం బయటే ఆపేస్తుంది.

కంతలూ లేకపోలేదు. 2020 జూలైలో బయటపడిన బూట్‌హోల్ అనే లోపం చూడండి. గ్రబ్‌కి సంతకం ఉంటుందిగానీ అది చదివే కాన్ఫిగ్ ఫైలు మామూలు టెక్స్ట్, దానికి సంతకం లేదు. ఆ ఫైల్లో కావాలని పొడవాటి చెత్త రాస్తే గ్రబ్ తడబడి దాడి చేసేవాడి కోడ్ నడిపేసేది. సరిచేసిన ప్యాకేజీలు వచ్చాక కొన్ని రెడ్‌హ్యాట్, సెంట్‌ఓఎస్ సర్వర్లు అసలు లేవకుండా పోయాయి. వెనకాలే ఇంకో సవరణ వచ్చింది. షిమ్, గ్రబ్ అప్‌డేట్లని మిగతా ప్యాకేజీల్లో కలిపి ఒకేసారి యాభై సర్వర్ల మీద తోసేయొద్దని నేను పోరేది అందుకే.

ఇంకో సంగతి: షిమ్ సంతకాలకి వాడుతూ వచ్చిన మైక్రోసాఫ్ట్ 2011 సర్టిఫికెట్ గడువు 2026 జూన్. గడువు దాటగానే సర్వర్లు ఆగిపోవు, ఉన్న షిమ్ లేస్తూనే ఉంటుంది. కొత్త షిమ్‌లు 2023 కీతో వస్తాయి. ఆ కీ మీ ఫర్మ్‌వేర్‌లో లేకపోతే వాటిని ఒప్పుకోదు. పాత హార్డ్‌వేర్ ఉన్నవాళ్ళు బయోస్ (అంటే ఫర్మ్‌వేర్) అప్‌డేట్ ఉందేమో ఇప్పుడే చూసుకోండి.

సెక్యూర్ బూట్ ఆన్ చేశాక ఎన్‌విడియా డ్రైవర్ లోడ్ అవ్వడం లేదు. ఏం చేయాలి?

దాని పని అది చేస్తోంది. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, రెడ్‌హ్యాట్ అన్నిటిలో సెక్యూర్ బూట్ ఆన్ అయితే కెర్నల్ లాక్‌డౌన్ మోడ్‌లోకి వెళ్తుంది. 5.4 కెర్నల్ నుంచి ఉన్న సదుపాయం ఇది. సంతకం లేని మాడ్యూల్ (కెర్నల్‌కి తగిలించే ముక్క, డ్రైవర్ లాంటిది) లోడ్ కాదు, కెర్నల్ మెమరీని నేరుగా తాకే దారులు మూసుకుంటాయి, హైబర్నేషన్ పోతుంది. మీ సర్వర్లోనే కంపైల్ అయ్యే డీకేఎంఎస్ మాడ్యూళ్ళకి, అంటే ఎన్‌విడియా, జడ్‌ఎఫ్‌ఎస్, వర్చువల్‌బాక్స్ లాంటివాటికి, మీరే కీ తయారుచేసి సంతకం వేయాలి. ఆ కీని "మోక్‌యుటిల్ డ్యాష్ డ్యాష్ ఇంపోర్ట్"తో నమోదు చేస్తే, తర్వాతి రీబూట్‌లో నీలం తెర ఒకటి వచ్చి ఒప్పుకుంటారా అని అడుగుతుంది. అక్కడ కీబోర్డు నొక్కే మనిషి కావాలి, ఎస్‌ఎస్‌హెచ్‌తో కుదరదు. కన్సోల్ లేని సర్వర్‌కి ఈ పని మొదలుపెట్టకండి.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేస్తే ప్రతి రీబూట్‌కీ పాస్‌వర్డ్ ఎవరు కొడతారు?

మూడు దారులున్నాయి. ఒకటి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోనే డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పెట్టుకుని బయటినుంచి లాగిన్ అయి పాస్‌వర్డ్ కొట్టడం. ఒకటి రెండు సర్వర్లున్నవాళ్ళకి ఇది హాయి. రెండోది, టీపీఎం చిప్‌కి కీ అప్పజెప్పడం. "సిస్టమ్‌డీ క్రిప్ట్‌ఎన్‌రోల్"తో పీసీఆర్ 7కి (టీపీఎంలో సెక్యూర్ బూట్ స్థితి నమోదయ్యే గడి) కడితే, సెక్యూర్ బూట్ స్థితి మారనంతకాలం డిస్క్ దానంతట అదే తెరుచుకుంటుంది. మూడోది, క్లెవిస్, ట్యాంగ్ జంట: ఆఫీసు నెట్‌వర్క్‌లోని ట్యాంగ్ సర్వర్ కనపడితేనే డిస్క్ తెరుచుకుంటుంది. ఎవరైనా సర్వర్ ఎత్తుకుపోయి ఇంట్లో ఆన్ చేస్తే ఏమీ రాదు. ర్యాకుల నిండా సర్వర్లున్న చోట నా ఓటు దీనికే.

ఏ దారైనా, చేత్తో కొట్టే రికవరీ పాస్‌వర్డ్ ఒకటి వేరే చోట భద్రంగా ఉండాలి. బయోస్ అప్‌డేట్ అయ్యాక టీపీఎం "నువ్వెవరో నాకు తెలియదు" అన్న రోజున దానితోనే పని.

సిస్‌సీటీఎల్ సెట్టింగు రాశాను, రీబూట్ అయ్యాక పోయింది. ఎందుకు?

నాలుగు కారణాల్లో ఒకటి. మొదటిది, కమాండ్‌తో పెట్టారు, ఫైల్లో రాయలేదు. రెండోది, ఫైల్లో రాశారు కానీ తర్వాతి ఫైలు దాన్ని తుడిచేసింది. ఈటీసీ, రన్, యూఎస్‌ఆర్ లిబ్ మూడు చోట్లా సిస్‌సీటీఎల్ డాట్ డీ ఫోల్డర్లు ఉంటాయి. వాటన్నిటిలోని ఫైళ్ళని కలిపి పేరు వరసలో చదువుతుంది, ఆఖరున వచ్చినవాడిదే మాట. మీ ఫైలుకి "99"తో మొదలయ్యే పేరు పెట్టడం అందుకే. మూడోది కొత్తది: డెబియన్ 13 నుంచి ఈటీసీ కింద ఉండే పాత సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైలుని బూట్‌లో చదవడం మానేశారు. ఏళ్ళ తరబడి అందులోనే రాసుకున్నవాళ్ళు అప్‌గ్రేడ్ తర్వాత ఏమీ తెలియకుండానే రక్షణ పోగొట్టుకుంటారు. నాలుగోది, ఆ సెట్టింగు ఏదో మాడ్యూల్‌కి చెందినది, ఆ మాడ్యూల్ అప్పటికి లోడ్ కాలేదు. బ్రిడ్జ్ నెట్‌ఫిల్టర్ సెట్టింగులతో కుబర్నెటీస్ (కంటైనర్లని, అంటే విడివిడి డబ్బాల్లో పెట్టిన ప్రోగ్రాముల్ని నడిపేది) వాళ్ళు పడే బాధ ఇదే.

"సిస్‌సీటీఎల్ డ్యాష్ డ్యాష్ సిస్టమ్" కొడితే ఏ ఫైలు తర్వాత ఏ ఫైలు చదువుతోందో తెర మీదే కనిపిస్తుంది.

పెద్దగా ఆలోచించకుండా పెట్టుకోదగ్గవి ఏవి?

కెర్నల్ డాట్ కేపీటీఆర్ రిస్ట్రిక్ట్ 2, కెర్నల్ డాట్ డీమెసేజ్ రిస్ట్రిక్ట్ 1. (టైప్ చేసేటప్పుడు డీమెసేజ్ అంటే డీ ఎం ఈ ఎస్ జీ.) కెర్నల్ మెమరీలో ఏది ఎక్కడుందో బూట్ బూట్‌కీ మారేలా చేశాక, ఆ చిరునామాలు లాగుల్లో మామూలు యూజర్లకి కనపడితే ఇంకెందుకు? కెర్నల్ డాట్ యామా డాట్ పీట్రేస్ స్కోప్ 1: ఒకే యూజర్ కింద నడిచే ఒక ప్రాసెస్ ఇంకోదాని మెమరీలోకి తొంగిచూడకుండా ఆపుతుంది. డెవలపర్లు స్ట్రేస్ (ప్రాసెస్ ఏం చేస్తోందో చూపే సాధనం) పనిచేయట్లేదని వస్తారు, సుడోతో (రూట్ హక్కులతో) కొట్టమనండి. కెర్నల్ డాట్ అన్‌ప్రివిలెజ్డ్ బీపీఎఫ్ డిజేబుల్డ్ 1 (మామూలు యూజర్ కెర్నల్‌లోకి చిన్న ప్రోగ్రాములు ఎక్కించకుండా), ఎఫ్‌ఎస్ డాట్ ఎస్‌యూఐడీ డంపబుల్ 0 (రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రాము క్రాష్ అయితే దాని మెమరీ ఫైల్లో పడకుండా). నెట్‌వర్క్ వైపు ఐసీఎంపీ రీడైరెక్టులు తీసుకోవడం, పంపడం రెండూ 0, సోర్స్ రూట్ 0, టీసీపీ సిన్‌కుకీస్ 1. సిన్‌కుకీల ఆలోచన 1996 నాటిది. ఆ ఏడాది న్యూయార్క్‌లోని ప్యానిక్స్ అనే ఇంటర్నెట్ సంస్థ సిన్ వరదలో (అరకొర కనెక్షన్లతో ముంచెత్తే దాడిలో) మునిగిన రోజుల్లో పుట్టింది. ఇప్పుడు దాదాపు అన్ని డిస్ట్రోల్లో ముందే ఆన్‌లో ఉంటుంది.

ప్రొటెక్టెడ్ సిమ్‌లింక్స్, హార్డ్‌లింక్స్ 1, ప్రొటెక్టెడ్ ఫీఫోస్, రెగ్యులర్ 2 కూడా మంచివే. ఇందులో చివరిదాని వల్ల ఒక వింత చూస్తారు. టీఎంపీ ఫోల్డర్‌లో వేరే యూజర్ చేసిన ఫైలుకి రూట్‌గా ఉండి "గ్రేటర్ దన్" గుర్తుతో ఏదైనా రాయబోతే "పర్మిషన్ డినైడ్" వస్తుంది. రూట్‌కే! మొదటిసారి నేను డిస్క్ పాడైందేమోనని గంటసేపు తడుముకున్నాను. పాడవలేదు. అందరూ రాయగల ఫోల్డర్‌లో ఎవడో ముందే పెట్టిన ఫైల్లో రూట్ గుడ్డిగా రాయకూడదని కెర్నల్ ఆపుతోంది. స్క్రిప్టులు టీఎంపీలో పేరు ఖాయం చేసుకుని రాసే అలవాటు మానాలి, అంతే.

ఏవి పెడితే చేతులు కాలతాయి?

నెట్‌లో దొరికే జాబితాలని యథాతథంగా అతికిస్తే కాలతాయి. పదేళ్ళ నాటి జాబితాల్లో టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ 1 అని ఇంకా కనిపిస్తుంది. ఒకే ఐపీ వెనక చాలామంది ఉండే మొబైల్ నెట్‌వర్కుల నుంచి వచ్చేవాళ్ళకి అది కనెక్షన్లు పడగొట్టేది. 4.12 కెర్నల్‌లో దాన్ని పూర్తిగా పీకేశారు. జాబితాలో అది ఉందంటే రాసినవాడు 2017 తర్వాత దాన్ని ముట్టుకోలేదని అర్థం, మిగతాది చదవక్కర్లేదు.

ఐపీ ఫార్వర్డ్ 0 (ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి ప్యాకెట్లు దాటనివ్వకపోవడం) ఇంకో క్లాసిక్. కంటైనర్లు నడిపే డాకర్ మొదలయ్యేటప్పుడు దాన్ని 1 చేసుకుంటుంది. బూట్‌లో మీ ఫైలు ముందు, డాకర్ తర్వాత కాబట్టి అంతా బాగానే ఉంటుంది. నెల తర్వాత ఎవరో ఇంకేదో సెట్టింగు కోసం "సిస్‌సీటీఎల్ డ్యాష్ డ్యాష్ సిస్టమ్" కొడతారు. అది 0కి పడిపోతుంది, కంటైనర్లకి నెట్ పోతుంది. ఆ కమాండ్‌కీ ఈ సమస్యకీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

ఆర్‌పీ ఫిల్టర్ (ప్యాకెట్ వచ్చిన దారినే జవాబు పోతుందా అని చూసేది) 1 పెడితే, రెండు నెట్‌వర్క్ కార్డులుండి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఒకటి అయిన సర్వర్లో ప్యాకెట్లు చప్పుడు లేకుండా మాయమవుతాయి. అలాంటి చోట 2 పెట్టండి. "ఆల్" విలువ, ఇంటర్‌ఫేస్ విలువ, ఈ రెండిట్లో పెద్దదే చెల్లుతుంది.

ప్యానిక్ ఆన్ ఊప్స్ 1 (కెర్నల్‌లో తప్పు జరగగానే ప్యానిక్ అయి ఆగిపోయేలా చేసేది) పెట్టేవాళ్ళు కెర్నల్ డాట్ ప్యానిక్‌ని కూడా చూసుకోవాలి. అది 0లో ఉంటే సర్వర్ ప్యానిక్ అయి అలాగే శిలలా ఉండిపోతుంది. 10 పెడితే పది సెకన్లకి రీబూట్ అవుతుంది.

కొన్ని సెట్టింగులు ఒకవైపే తిరిగే తాళాలు: మాడ్యూల్స్ డిజేబుల్డ్, కెక్సెక్ లోడ్ డిజేబుల్డ్ (నడుస్తుండగానే ఇంకో కెర్నల్‌ని లోడ్ చేయడాన్ని ఆపేది). 1 చేశాక రీబూట్ దాకా 0 కావు. కెక్సెక్‌ది బూట్ మొదట్లోనే పెడితే కేడంప్ (క్రాష్ అయినప్పుడు మెమరీ నకలు తీసేది) మొదలవదు, క్రాష్ అయిన రోజున చూసుకోవడానికి డంపే ఉండదు. మాడ్యూల్స్‌ది పెడితే, కొత్త ఫైర్‌వాల్ నియమానికో వీపీఎన్‌కో ఇంతవరకు లోడ్ కాని మాడ్యూల్ కావాల్సొచ్చినప్పుడు తెలుస్తుంది. ఏమీ మారని చిన్న అప్లయన్స్ లాంటి సర్వర్‌కైతే సరే, మామూలు అప్లికేషన్ సర్వర్‌కి నేను పెట్టను.

యూజర్ నేమ్‌స్పేస్‌లు ఆపేయాలా?

సర్వర్‌ని బట్టి. యూజర్ నేమ్‌స్పేస్ అంటే మామూలు యూజర్ తన గూటి లోపల రూట్‌లా ఉండనిచ్చే ఏర్పాటు. మామూలు యూజర్‌కి అవి తెరిచి ఉంటే, కెర్నల్‌లో రూట్‌కి మాత్రమే అందే చాలా కోడ్ అతనికీ అందుబాటులోకి వస్తుంది. 2022 జనవరిలో వచ్చిన సీవీఈ 2022-0185 (సీవీఈ అంటే భద్రతా లోపానికిచ్చే నంబరు) అలాంటిదే, నేమ్‌స్పేస్‌లు ఆపడమే అప్పటికప్పుడు చెప్పిన ఉపాయం. డేటాబేస్ సర్వర్లో, మెయిల్ సర్వర్లో ఆపేయండి. రూట్‌లెస్ పాడ్‌మ్యాన్ (రూట్ లేకుండా కంటైనర్లు నడిపేది) నడిచే చోట, క్రోమ్‌తో పీడీఎఫ్‌లు తయారుచేసే చోట ఆపితే అవి ఆగిపోతాయి. ఉబుంటు 24.04లో యాప్‌ఆర్మర్ (ప్రోగ్రాముల హక్కులకి హద్దులు గీసేది) ద్వారా మధ్యేమార్గం ఉంది: ప్రొఫైల్ ఉన్న ప్రోగ్రాములకే అనుమతి.

వాడని మాడ్యూళ్ళని బ్లాక్‌లిస్ట్ చేయమంటారు. నిజంగా లాభమా?

లాభమే. డీసీసీపీ అనే ప్రోటోకాల్ పేరు చాలామంది విని ఉండరు. అందులో 2005 నుంచి ఉన్న లోపం 2017లో బయటపడింది, మామూలు యూజర్ రూట్ అయిపోయేంతది. సాకెట్ అడగ్గానే కెర్నల్ ఆ మాడ్యూల్‌ని దానంతట అదే లోడ్ చేస్తుంది, మీరు వాడకపోయినా. డీసీసీపీ, ఎస్‌సీటీపీ, ఆర్‌డీఎస్, టిప్క్ నాలుగూ ఆపేయండి, టెలికాం పనిలో లేకపోతే ఎవరూ అడగరు. "బ్లాక్‌లిస్ట్" అని రాస్తే సరిపోదు, అది ఆటోమేటిక్ లోడింగ్‌నే ఆపుతుంది. "ఇన్‌స్టాల్" లైనుతో బిన్ ఫాల్స్‌కి మళ్ళిస్తే మాడ్యూళ్ళని లోడ్ చేసే మోడ్‌ప్రోబ్ కమాండ్‌తో పిలిచినా రాదు.

ఫైల్‌సిస్టమ్‌ల జాబితా దగ్గర మాత్రం జాగ్రత్త. స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఆపితే ఉబుంటులో స్నాప్‌లన్నీ (ఉబుంటు యాప్ ప్యాకేజీలు) పోతాయి. యూడీఎఫ్ ఆపితే అజూర్‌లో కొత్త మెషీన్ మొదటి బూట్‌లోనే తన వివరాలు చదువుకోలేదు. వీఫ్యాట్ ఆపమనే పాత జాబితాలు ఉన్నాయి. యూఈఎఫ్‌ఐ పార్టిషన్ ఉండేది దాని మీదే!

కెర్నల్ కమాండ్ లైనులో ఏం చేర్చాలి? "మిటిగేషన్స్ ఆఫ్" పెడితే వేగం పెరుగుతుందంటారు కదా?

కమాండ్ లైను అంటే మొదట గ్రబ్‌లో చూసిన ఆ పొడవాటి లైనే. ఇనిట్ ఆన్ అలాక్ 1 (మెమరీ ఇచ్చేటప్పుడే తుడవడం), స్లాబ్ నోమెర్జ్ (కెర్నల్ మెమరీ అరల్ని కలపకుండా ఉంచడం), ర్యాండమైజ్ కేస్టాక్ ఆఫ్‌సెట్ ఆన్ (కెర్నల్ స్టాక్ చోటు మారుస్తూ ఉండడం), ఈ మూడూ ధర తక్కువ, ఫలం ఎక్కువ. ఇనిట్ ఆన్ ఫ్రీ (మెమరీ వదిలేటప్పుడు తుడవడం) కాస్త బరువు, మీ లోడ్‌తో కొలిచి చూసి పెట్టండి. వీసిస్‌కాల్ నన్ (పాత ప్రోగ్రాములు కెర్నల్‌ని పిలిచే ఒక దారిని మూసేది) కూడా మంచిదే కానీ, సెంట్‌ఓఎస్ 6 కంటైనర్ ఎక్కడో ఇంకా నడుస్తుంటే అది మొదలవగానే కూలిపోతుంది. "ఇంకా ఎవరు వాడతారు" అనకండి, నేను చూశాను. పెట్టాక ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైలు చదివి నిజంగా చేరాయో లేదో చూడండి.

మిటిగేషన్స్ ఆఫ్ విషయానికొస్తే, 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు వచ్చినప్పటినుంచి చేర్చిన రక్షణలన్నిటినీ ఆ ఒక్క మాట తీసేస్తుంది. సొంత కోడ్ మాత్రమే నడిచే, బయటి ప్రపంచం చూడని లెక్కల క్లస్టర్లో ఎవరైనా పెడితే నేను దెబ్బలాడను. వెబ్ సర్వర్లో, పదిమంది కంటైనర్లు నడిచే చోట వద్దు.

ఇవన్నీ పెడితే కెర్నల్ అప్‌డేట్లు కాస్త ఆలస్యమైనా పర్వాలేదా?

పర్వాలేదని ఎవరన్నారు? డర్టీ పైప్ 2022 మార్చిలో వచ్చింది. 5.8 నుంచి ఉన్న లోపం, చదవడానికి మాత్రమే హక్కున్న ఫైల్లో మామూలు యూజర్ రాసేయగలిగేవాడు. పైన చెప్పిన సిస్‌సీటీఎల్ ఒక్కటీ దాన్ని ఆపేది కాదు, కొత్త కెర్నల్ ఒక్కటే ఆపింది. అప్‌టైం 900 రోజులని గొప్పగా స్క్రీన్‌షాట్ పెట్టే సర్వర్ 900 రోజుల నాటి కెర్నల్‌తో నడుస్తోందన్నమాట. లైవ్ ప్యాచ్‌లు (రీబూట్ లేకుండా కెర్నల్‌ని సరిచేసేవి) ఉన్నా అప్పుడప్పుడు రీబూట్ తప్పదు. అప్‌డేట్ వేసి రీబూట్ చేయకపోతే పాతదే నడుస్తుంది. "యూనేమ్ డ్యాష్ ఆర్" కొట్టి చూసుకోండి.

ఆడిటర్ స్కోరు 90 దాటాలంటున్నారు. ఎలా?

లైనిస్ అనే స్కానర్ నడపండి, సీఐఎస్ బెంచ్‌మార్క్‌కి (భద్రతా సెట్టింగుల జాబితా) ఓపెన్‌స్క్యాప్ నడపండి, కెర్నల్ సెట్టింగులకి "కెర్నల్ హార్డెనింగ్ చెకర్" నడపండి. ఎర్రగా వచ్చిన ప్రతిదానికీ పక్కన ఒక మాట రాసుకోండి: పెట్టాం, లేదా ఫలానా కారణంగా పెట్టలేదు. "డాకర్ ఉంది కాబట్టి ఐపీ ఫార్వర్డ్ 1" అని రాసి చూపిస్తే ఒప్పుకోని ఆడిటర్‌ని నేనింకా చూడలేదు. స్కోరు కోసం సర్వీసు పడగొట్టుకున్నవాళ్ళని మాత్రం చూశాను. ఇక స్కానర్ వందల సీవీఈలు చూపిస్తే కంగారు పడకండి. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నల్ బృందమే సీవీఈ నంబర్లు ఇస్తోంది, దాదాపు ప్రతి సవరణకీ ఒకటి పడుతోంది.

మన దేశంలో ఇంకోటి ఉంది. సెర్ట్‌ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగులు 180 రోజులు దాచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లోపు చెప్పాలి. బూట్ మొదటి క్షణం నుంచి ఆడిట్ పట్టుకోవాలంటే కమాండ్ లైనులో "ఆడిట్ ఈక్వల్స్ 1" ఉండాలి. లేకపోతే ఆడిట్‌డీ (ఆడిట్ లాగులు రాసే సర్వీసు) లేచేలోపు మొదలైన ప్రాసెస్‌లు లెక్కలోకి సరిగా రావు.

ఏదో పెట్టాను, సర్వర్ లేవట్లేదు. ఇప్పుడెలా?

కన్సోల్ తెరవండి. కమాండ్ లైనులో పెట్టిన దానివల్లయితే గ్రబ్‌లో "ఈ" నొక్కి, మీ పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ మాట తీసేసి లేపండి. ఆ మార్పు ఆ ఒక్క బూట్‌కే. లేచాక ఈటీసీ డీఫాల్ట్ కింద గ్రబ్ ఫైల్లో సరిచేసి "అప్‌డేట్ గ్రబ్" కొట్టాలి. కొత్త కెర్నల్ తేడా చేస్తే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాతది ఉంటుంది, అందుకే పాత కెర్నల్ ఒక్కటైనా తీసేయకుండా ఉంచమనేది. సిస్‌సీటీఎల్ ఫైలు వల్లనిపిస్తే అదే లైను చివర "సిస్టమ్‌డీ డాట్ మాస్క్ ఈక్వల్స్ సిస్టమ్‌డీ డ్యాష్ సిస్‌సీటీఎల్ డాట్ సర్వీస్" అని చేర్చండి. ఈ ఒక్కసారికి ఆ ఫైళ్ళేవీ చదవకుండానే లేస్తుంది. లోపలికి వెళ్ళి 99 ఫైలు పేరు చివర డాట్ ఆఫ్ అని తగిలించి, అందులోని లైన్లని ఒక్కొక్కటే కొత్త ఫైల్లోకి తెచ్చుకుంటూ రండి. పగటిపూట, టీ తాగాక.